ఫోటోల మా అత్తకు జాగ

మా చిన్నప్పుడు... సిద్దిపేటల మా ఇంటి ముంగట మూడు కాళ్ల కెమెరా నిలబెట్టిన్రు. మా కాక పెండ్లయిన మూడో రోజు అది. ఫోటో తీసేటాయన పట్నం నుంచి బస్సు మీద వచ్చిండు. దొర గడీల తీసి తీసి, మా ఇంటికి వచ్చేసరికి ఆయన దగ్గర ఒక్కటంటే ఒక్కటే అద్దం పలక మిగిలింది. ఒక్క పలకకు ఒక్క ఫోటో... తీసేటప్పుడు ఎవరు కదిలినా అది ఖరాబే.

నాకు ఎనిమిదేండ్లు. మొండిదాన్ని. ఇప్పుడు గూడ తక్కువేం లేదంటది మా కోడలు.

మాది నేత ఇల్లు. తాత గొల్లభామ చీరలు నేసెటోడు. ఫోటో ఆయన తాతను నడుమ కుర్చీల కూసోబెట్టిండు. ఆయన పక్కకు కొత్త జంట, పొడుగోళ్లు ఎనుక, పోరగాండ్లం ముంగట. నల్ల షేర్వాణీల మగోళ్లంత ఒక్క దిక్కే జమైన్రు. రెండో దిక్కు ఉత్త సున్నం గోడ. ఆయన కెమెరా మీది నల్లబట్టల తలకాయ పెట్టి చూసి, తూకం లేదు, చూపంత ఒక్క దిక్కే పడిపోతుంది అన్నడు. ఆ ఖాళీల ఎత్తుపీట ఏసి పూలకుండ పెట్టుమన్నడు.

పూలకుండకు జాగ దొరికింది... మా మేనత్త రాజవ్వకు దొరకలే.

మొగడు పోయి పుట్టింటికి వచ్చింది ఆమె. పెండ్లి ఫోటోల అసుంటి ఆడిది ఉండొద్దని ఆ రోజుల్ల పట్టింపు. ఎవరూ చెప్పకముందే తనే తలుపు ఎనుకకు జరిగింది. నాకు ఆ పొద్దున నూనె పెట్టి జడలేసింది ఆమెనే... నూలు కండెలు చుట్టుకుంట కతలు చెప్పేది ఆమెనే.

కదలొద్దు అన్నడు ఫోటో ఆయన. నేను కదిలిన. మల్ల చెప్పిండు... మల్ల కదిలిన. బాపు కండ్లెర్రజేసిండు. అవ్వ జబ్బ గిచ్చింది. నేను ఒక్కటే మాటన్న.

"అత్త వచ్చేదాక నేను ఆగ."

దీన్ని అవుతల పడేయిన్రి అన్నడు కాక. ఫోటో ఆయన ఒప్పుకోలే. నేను లేస్తే ముంగటి వరుసల గూడ తొర్ర పడ్తదట. ఇగ నాకేం భయం...

తాత లేచిపోయి ఆ నల్లబట్టల తల పెట్టిండు. కెమెరా ఎనుక అద్దంల మనుషులు తలకిందులుగ కనబడ్తరు... మొఖాలు గుర్తుపట్టరావు. ఏడ చిక్కగున్నదో, ఏడ పలుచగున్నదో, అదే కనబడ్తది. నేతగాని కన్ను కదా, శానసేపు చూసిండు. బయటికి వచ్చి పూలకుండను తనే తీసి పక్కకు పెట్టిండు.

"ఒక్క దిక్కే అంచున్న చీర నేను ఎన్నడు నెయ్యలే" అన్నడు. "రా బిడ్డా, రాజవ్వా."

అత్త రానన్నది. శుభానికి అడ్డమైతనని ఏడ్సింది. తాత చెయ్యి పట్టి తీస్కొచ్చి గోడ ముంగట నిలబెట్టిండు. తెల్లచీర గోడల కలిసిపోతది అన్నడు ఫోటో ఆయన. తాత ఇంట్లకు పోయి, మగ్గం మీంచి దించిన ముదురెర్ర చీర తెచ్చి ఆమె భుజాల మీద కప్పిండు... అందరు సూస్తుండంగనే.

అప్పుడు నేను రెప్ప గూడ కొట్టలే.

ఆ ఫోటో ఇప్పటికీ మా గోడకున్నది. కాక చెయ్యి మసకగ వచ్చింది, కోపంల కదిపిండు. నేను మాత్రం రాయి లెక్క కూసున్న.

మొన్న దీన్ని ఫోన్ల ఎక్కిచ్చుకుంట మా మనుమరాలు, ఈ అంచు కోసేస్తే మంచిగుంటది నానమ్మా అన్నది. దాని వేలు అత్త మీదనే ఉన్నది, గట్టిగ పట్టుకున్న. కత మొత్తం చెప్పి, దానితోనే ఇది టైపు చేపిస్తున్న.

గిప్పుడు పలక అయిపోతదన్న రంది లేదు... ఎన్నైన దిగొచ్చు. కని మనిషిని ఫోటోల కెల్లి తీసేసుడు గింత అల్కగైతదని నేననుకోలే.

మీ ఇండ్లల్ల పాత ఫోటోలు ఒక్కసారి దించి చూడున్రి. అంచుకు నిలబడ్డోళ్లెవరో గీడ దీని కిందనే పేరు రాయిన్రి... తలుపు ఎనుకనే మిగిలిపోయినోళ్ల పేరు గూడ.