భావనారాయణ గోత్రం మీద పడ్డ పిల్లి

డ్రిల్లు మాష్టారు భావనారాయణ పిల్లిని చంపాడని నూజివీడులో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి, వాళ్ళ నోటికి తాళం వేసేవాడెవడు? ఆ మనిషి చీమను కూడా నలిపి ఎరగడు.

యాభై ఎనిమిదిలో వేసవి సెలవులు అయ్యేసరికి ఊరంతా పిల్లులే. మామిడికాయలు మగ్గేసే కొట్లలో గడ్డి పరుస్తారు. గడ్డిలో ఎలుకలు చేరతాయి, వాటికోసం వర్తకులే పిల్లుల్ని మేపుతారు. కాపు అయిపోగానే కొట్లకు తాళాలు పడ్డాయి, ఆ సంతానమంతా వీధుల్లో పడింది. హైస్కూలు హాస్టల్లో పాలగిన్నె దింపితే చాలు, మీద పడేవి.

బడి కమిటీ ప్రెసిడెంటు పాండురంగారావు పెద్ద మామిడి వర్తకుడు. ఆ పిల్లుల్లో సగం ఆయన కొట్లో పుట్టినవే. అయినా మాష్టారిని పిలిచి, "పెద్ద క్లాసు కుర్రాళ్ళచేత పట్టించి విస్సన్నపేట తోటల్లో వదిలించండి. దేశసేవ నేర్చుకుంటారు," అన్నాడు. ఆహా, ఏం దేశసేవ!

భావనారాయణది టెంపరరీ ఉద్యోగం. ప్రతి జూన్‌లోనూ ఉంటుందో ఊడుతుందోనని గుండె పీచుపీచుమనేది. ఇంట్లో భార్య కామేశ్వరి నిండు చూలాలు. ఈ పని చేసిపెడితే పర్మనెంటు చేస్తారన్న ఆశతో సరేనన్నాడు. ఎండుచేప తలలు కుర్రాళ్ళే తెచ్చి ఎర పెట్టారు. మాష్టారు ముక్కు మూసుకుని పక్కన నిలబడి, "సంచి మూతి బిగించకండిరా, గాలాడాలి," అని ఒకటే మొత్తుకునేవాడు.

ఒకరోజు బండి కోసం చూస్తుండగా, ప్రెసిడెంటు కొడుకు నరసింహులు, తోటివాళ్ళను నవ్వించాలని, పిల్లి ఉన్న సంచి మీద ఎక్కి కూర్చున్నాడు. "దిగరా వెధవా!" అంటూ మాష్టారు పరుగెత్తుకొచ్చేలోపే లోపలి అరుపు ఆగిపోయింది.

పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలి. ఇచ్చేవాడు తన గోత్రం, పేరు చెప్పుకుని పాపం తనదేనని ఒప్పుకోవాలి. ఆ సాయంత్రమే పాండురంగారావు మాష్టారింటికి వచ్చాడు.

"బంగారం నేనిస్తానండీ. పేరు మాత్రం మీది చెప్పండి. రేపు మావాడికి పిల్లనెవరిస్తారు? మీ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాగా."

ఆయన వెళ్ళాక కామేశ్వరి ఏడ్చింది. "నెలలు నిండినదాన్ని. ఎవరి పాపాన్నో మన గడపలోకి తేకండి."

"ఉద్యోగం పోతే ఏం తింటామే?" అన్నాడు భావనారాయణ.

గుళ్ళో, బడి కుర్రాళ్ళందరి ముందు, పురోహితుడు సోమయాజులుగారు గోత్రం అడిగారు. మాష్టారు చెప్పాడు. పేరడిగారు. అదీ చెప్పాడు. మిరియపు గింజంత బంగారు పిల్లి చేతులు మారింది. నరసింహులు స్తంభానికి ఆనుకుని కొబ్బరిముక్క నములుతున్నాడు. మిగతా కుర్రాళ్ళు తలలు దించుకున్నారు.

మరుసటి జూన్‌లో కమిటీ కూర్చుంది. "పిల్లిని చంపినవాడి చేతుల్లో పిల్లల్ని ఎలా పెడతామండీ? గుళ్ళో తన నోటితోనే ఒప్పుకున్నాడాయె!" అన్నదెవరనుకున్నారు? పాండురంగారావే. ఆ నోరు పడిపోను!

దేవుడి ఎదుట ఒప్పుకున్నది కాదంటే ఎవరు నమ్ముతారు? మాష్టారు చింతలపూడి చేరి ట్యూషన్లు చెప్పుకుని బతికాడు. పుట్టిన బిడ్డకు ఒళ్ళు వెచ్చబడినప్పుడల్లా కామేశ్వరి ఆయన మొహంలోకి చూసేది. పల్లెత్తు మాట అనేది కాదు. అన్నా బాగుండేది.

పదేళ్ళ తర్వాత ఏదో పనిమీద నూజివీడు వచ్చాడు. మామిడి కొట్లో తండ్రి చోట కూర్చున్న నరసింహులు చూసి, గబగబా లేచొచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. రసాల బుట్ట ఒకటి తెప్పించి చేతికిచ్చాడు. పక్కనున్న బేరగాడితో, "మా డ్రిల్లు మాష్టారండీ. దేవుడిలాంటి మనిషి. పాపం, చూసుకోక సంచి మీద కూర్చుంటే పిల్లి చచ్చింది. మేం వద్దు వద్దంటూనే ఉన్నాం," అన్నాడు.

మాష్టారు వాడి కళ్ళలోకి చూశాడు. కాస్త సిగ్గో, కొంటెతనమో కనబడుతుందేమోనని వెతికాడు. ఏమీ లేదు.

"నరసింహులూ, కూర్చున్నది నేనట్రా?"

"అదేంటి మాష్టారూ," అన్నాడు వాడు, నిజంగానే తెల్లబోయి. "మీరే కదండీ గుళ్ళో చెప్పారు!"

మాష్టారు బుట్ట కిందపెట్టి బస్సు వైపు నడిచాడు.