పిల్లి కండ్ల బొమ్మ

కాలువ గట్టు మీద టీచరమ్మను చంపినోని మొకం ఎవ్వలు చూడలే. ఆమె గోర్లల్ల దొరికిన రక్తాన్ని పోలీసులు డీఎన్ఏ పరీక్షకు పంపి, అది చెప్పిన ఆనవాళ్లతోటి ఓ బొమ్మ గీయించిన్రు. తేనెరంగు కండ్లు, రాగిరంగు జుట్టు, పాతికేండ్ల పిల్లగాడు. వర్ధన్నపేటల అందరి ఫోన్లకు వచ్చిందది.

అచ్చం మా అన్నే!

అన్నయి పుట్టుకతోనే పిల్లి కండ్లు, రాగి జుట్టు. అమ్మ పుట్టింటి పోలిక. ఇగ సూడు, నిన్నటిదాక "చాయ్ తాగుదాం రా" అన్నోడే అన్నను చూసి షాపు లోపటికి దూరిండు. నాకు ఒళ్లు మండింది. కండ్లు ఒక్క తీరుంటే ఖూనీ చేసినట్టేనా?

అమ్మకు బుగులు పట్టుకున్నది. అప్పుడొచ్చిండు మా మేనమామ, అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. కంటి ఆపరేషన్ అయిన కాడ్నుంచి నల్లద్దాలు తియ్యడు. జుట్టుకు రంగేసుడు ఎన్నడూ ఆపడు.

"ఫికర్ చెయ్యకు అక్కా. ఐలోని మల్లన్నకు తలెంటికలు ఇప్పిద్దాం, పీడ పోతది" అన్నడు.

మొదటి కత్తెర మేనమామదే గద, ఆయనే పెట్టిండు. మాకు ఆయనే దిక్కనుకొని నేను కాళ్లు మొక్కిన.

అన్న గుండుతోటి వచ్చేసరికి మంటల నూనె పోసినట్టయింది. "జుట్టు దాస్తాండు" అన్నరు. ఎవలో మా తలుపు మీద రాయి కొట్టిన్రు. పోలీసులు అన్న రక్తం తీస్కపోయిన్రు. అన్న అన్నం ముట్టలే. మనిషి బతుకుతడా అని నాకు భయమైంది.

ఓ పొద్దుగాల ఎస్సై వచ్చిండు. మామ అరుగు మీద చాయ్ తాగుతాండు.

"మీ కొడుకు కాదమ్మా" అన్నడు ఎస్సై.

అమ్మ బోరున ఏడ్చుకుంట దండం పెట్టింది.

"కని ఆ రక్తం మీ కొడుక్కు దగ్గరి చుట్టానిది. తల్లి దిక్కు మనిషిది. ఇంకోటమ్మా, ఆ పరీక్షల వయసు తెలువలే. బొమ్మను ఊకెనే పాతికేండ్ల పిల్లగాని లెక్క గీసిన్రు."

మామ చాయ్ తాగుడు ఆపలే.

అమ్మ మెల్లగ ఆయన దిక్కు తిరిగింది. దండం పెట్టిన చేతులు ఇంకా అట్లనే ఉన్నయి.

"తమ్మీ," అన్నది, "జర ఆ అద్దాలు తియ్యి."