మెడ ముడతలో మెతుకు

మా ఊరి అంగన్‌వాడీ టీచరు సువార్తమ్మకి తల్లుల మాట మీద నమ్మకం లేదు. "పెట్టామండీ" అంటే పిల్లాడి నోరు వాసన చూస్తుంది. "తాగాడండీ" అంటే గ్లాసు అడుగు చూస్తుంది. ఇరవై ఏళ్లుగా పసివాళ్లని తూచిన మనిషి, నమ్మేది వేలాడే త్రాసు ఒక్కదాన్నే. అనుమానం పెనుభూతం అంటారు గానీ, ఆ భూతం పుణ్యమా అని మండవల్లి చుట్టుపక్కల బతికి బట్టకట్టిన పిల్లలు చాలామందే ఉన్నారు.

కొల్లేటిలో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది, తులసిగారి మనవడు ఫణికిరణ్ బరువు ఆగిపోయింది. ఆరో నెలలో ఆరున్నర కిలోలు. ఎనిమిదో నెలలోనూ అంతే. చార్టులో గీత పచ్చరంగు వదిలి పసుపులో పడింది. ఇంకో నెల ఇలాగే ఉంటే ఏలూరు ఆసుపత్రికి పంపాల్సిందే. పిల్లాడికని కేంద్రం నుంచి తానిచ్చిన పిండి గేదె కుడితిలోకి పోతోందని సువార్తమ్మ అనుమానం. చెప్పాపెట్టకుండా వాళ్లింటికి వెళ్లింది. పిండి ప్యాకెట్లు విప్పకుండా అటక మీదే ఉన్నాయి.

"అన్నప్రాశన ద్వారకా తిరుమలలో చేస్తామని మొక్కుకున్నామండీ," అంది తులసి. "ఇంతలో మావారు పోయారు. ఏడాది తిరిగేదాకా కొండెక్కకూడదు కదండీ. అందాకా పాలే."

"ఇంకా ఏడు నెలలుందండీ. ఆరు నిండాక పాలొక్కటే చాలవు. మెత్తగా చిదిమి పప్పన్నం పెట్టాలి."

"మీ పద్ధతులు వేరండీ," అంది తులసి, చర్చికెళ్లే సువార్తమ్మని ఎగాదిగా చూసి. కోడలు లక్ష్మీప్రసన్న పిల్లాణ్ణి ఎత్తుకుని తల వంచుకుంది. సువార్తమ్మకి ఒళ్లు మండింది, భయమూ వేసింది.

తర్వాతి నెల అత్తాకోడళ్లిద్దరూ కేంద్రానికి వచ్చారు. త్రాసు ముల్లు ఏడు దాటింది. సంతోషించాల్సింది పోయి సువార్తమ్మ త్రాసునే అనుమానించింది. కిలో ఉప్పు ప్యాకెట్ తగిలించి చూసింది. త్రాసు సరిగ్గానే ఉంది. కోడల్ని పక్కకి పిలిచి అడిగితే, తానేమీ పెట్టలేదని పిల్లాడి మీద ఒట్టేసింది. ఒట్లకి లొంగే మనిషా సువార్తమ్మ? పిల్లాడి గడ్డం ఎత్తి మెడ ముడతలో వేలు పెట్టింది. ఎండిన మెతుకొకటి గోటికి వచ్చింది.

కోడలు తెల్లబోయింది. తులసి మొహం తిప్పుకుంది.

"అమ్మాయ్, వాణ్ణి కాస్త బయట తిప్పు," అని కోడల్ని పంపేసి, తులసి గొంతు తగ్గించింది. "నేనేనండీ. అది బట్టలు ఉతుక్కునేటప్పుడు పెడుతున్నాను. మొన్న మాసికానికి మావారి విస్తరి కాకి ముట్టలేదండీ. గంట నిలబడ్డాను. పిల్లాడికి అన్నం పెడతాను లెండి అని మనసులో అనుకున్నానో లేదో, వచ్చి వాలింది. ఆయన కోరిక కాదనలేను కదా. వద్దని కట్టడి చేసిందాన్ని నేనే, కోడలికి ఏ మొహంతో చెప్పనండీ?"

సువార్తమ్మ తలూపి, చార్టు ఇచ్చే వంకతో బయటికి వెళ్లింది.

"మొన్న మాసికానికి కాకి ఆలస్యంగా వచ్చిందా అమ్మాయ్?"

"లేదండీ," అంది లక్ష్మీప్రసన్న. "విస్తరి పెట్టీ పెట్టగానే రెండొచ్చాయి. అవి తింటుంటే అత్తయ్యగారు వీణ్ణి చూసుకుని ఒకటే ఏడుపండీ."

సువార్తమ్మ ఇంకేమీ అడగలేదు. గోటి మీది మెతుకుని కొంగుకి తుడిచేసుకుంది.