సబ్‌వూఫర్ కింద వేసిన పీట

మా ఇంట్లో సబ్‌వూఫర్ నాది. ఈ ముక్క ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే నల్లగండ్లలో మా అపార్ట్‌మెంటులో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. టీవీకి అటూ ఇటూ ఉన్న స్పీకర్లూ, హాలు మూలన మోకాలెత్తు ఉన్న ఆ నల్ల సబ్‌వూఫర్ పెట్టే, అన్నీ నేను ఆన్‌లైన్‌లో లెక్కల ట్యూషన్లు చెప్పి కొనుక్కున్నవే. మా ఆయనకు వార్తలు వినబడితే చాలు. నాకలా కాదు. డప్పు కొడితే గుండెలో మోగాలి. సినిమాలో గోడ కూలితే నా సోఫా కదలాలి. ఈ వయసులో ఇదేం పిచ్చి అనుకునేవాళ్లు అనుకోవచ్చు, వాళ్ల టీవీల్లో వాళ్లు సీరియళ్లు చూసుకోవచ్చు.

ఒక సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వస్తూనే బూట్లు విప్పుతూ అన్నాడు.

"కింది ఫ్లోర్ సార్ లిఫ్టుల కలిసిండు. నేలంత అదురుతున్నదంట. జర ఆ సౌండ్ సంగతి చూడుమన్నడు."

"ఎవరితోని అన్నడు?"

"నాతోనే."

"అది నువ్వు వింటున్నవా?"

"లేదు."

"మరి నీకెందుకు చెప్పిండు?"

"గట్లనే చెప్తరు గదా," అని బాత్‌రూమ్‌లోకి వెళ్లిపోయాడు.

గట్లనే చెప్తారు! నాకు పొద్దున్నే అదే లిఫ్టులో అదే మనిషి ఎదురయ్యాడు. తల వంచుకుని ఫోన్ చూసుకున్నాడు. పై ఇంట్లో ఉండేది ఆడమనిషైతే ఫిర్యాదు ఆమె మొగుడికి చేరాలి. అతను ఇంటికి తెచ్చి, సగం మరిచిపోయి, మిగతా సగం తనకు తోచినట్టు చెప్పాలి. ఈ కాలంలో, ఇంతింత జీతాల మనుషులుండే చోట, ఇదీ పద్ధతి.

మర్నాడు మగవాళ్లిద్దరూ మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చారు. రాత్రి ఎనిమిది దాటాక వద్దు. "పగలు ఎంతసేపైనా పెట్టుకోమనండి, అందరం ఆఫీసుల్లోనే ఉంటాం కదా," అన్నాడట కిందాయన. సరేనని నేను నా సరదాను పదకొండు గంటల వేళకు మార్చుకున్నాను. నా ట్యూషన్లు తెల్లవారుజామునా సాయంత్రమూ ఉంటాయి, మధ్యలో ఇల్లంతా నాదే.

పట్టుమని పది రోజులు కాలేదు, మళ్లీ ఫిర్యాదు. ఈసారి అసోసియేషన్ సెక్రటరీ వాట్సాప్ గ్రూపులోనే పెట్టాడు: "సార్, ఆదివారం సెల్లార్‌లో మీటింగ్. ఈలోగా మీ ఇంట్లో ఆ బాక్స్ తీయించగలరు." ఆ గ్రూపులో నేనూ ఉన్నాను. నా పెట్టె తీయించమని నా కళ్లముందే నా మొగుణ్ణి అడుగుతున్నాడు! అప్పటికప్పుడు నిర్ణయించుకున్నాను. పెట్టె పోదు. దాని అదురు పోవాలి.

సంగతి తేలికే. బాస్, అంటే ఆ లోతు మోత, గాలిలో కొంత పోతుంది, దాన్ని ఎవరూ పూర్తిగా ఆపలేరు. కానీ పెట్టె నేరుగా నేల మీద కూర్చుంటే ఆ అదురు శ్లాబులోకి దిగి, కింది వాళ్ల గోడల్లోకి పాకుతుంది. నేలకీ పెట్టెకీ మధ్య ఒక పీట ఉండాలి. మొదట వంటగట్టు వేసినప్పుడు మిగిలిన గ్రానైట్ ముక్క వేశాను. బరువైన రాయి అన్నీ మింగేస్తుందనుకున్నాను. నేల మీద అరచెయ్యి పెట్టి చూస్తే అదురు అలాగే ఉంది. రాయీ గట్టిదే, నేలా గట్టిదే, ఎక్కడ ఆగుతుంది? రాయి కింద పాత దిండు స్పాంజి పెట్టాను. అది అప్పడంలా అణిగిపోయి, అదీ రాయిలాగే అయింది.

మరీ మెత్తనిదీ మరీ గట్టిదీ కాని ఫోమ్ కోసం బోరబండలో పరుపుల షాపుకు వెళ్లాను.

"సోఫాకా మేడం?"

"కాదు. బరువు పెడితే జరంత అణిగి ఆగాలె. గసుంటిది చూపియ్యి."

"సార్‌కు ఫోన్ కలుపుండ్రి. సైజు సంగతి సార్‌తోని మాట్లాడ్త."

"సార్‌కు ఆయన అంగీ సైజే తెల్వదు. అది గూడ నేనే చెప్పాలె. ముక్క కొయ్యి."

ముక్కలు అతికించి గట్టిగా నొక్కిన ఫోమ్ తెచ్చాను. ప్లైవుడ్ పలక మీద గ్రానైట్ అంటించి, పలక కింద ఆ ఫోమ్‌ను పట్టీలుగా కోసి అతికించాను. చుట్టూ నా పాత నల్ల చున్నీ చుట్టి పిన్నులు కొట్టాను. పెట్టెను దాని మీదికి ఎక్కించి డప్పు పాట పెడితే, అరచేతి కింద నేల దాదాపు చప్పబడింది. కానీ నా చెయ్యి సాక్ష్యం చాలదు. కింద ఉండే మనిషి చెప్పాలి.

శుక్రవారం మా ఆయన ఇంట్లోనే పని చేస్తాడు. "నేను ఫోన్ చేసినప్పుడు పాట పెట్టు, ఇంకేం ముట్టకు," అని చెప్పి పదకొండింటికి కిందికి దిగి బెల్ కొట్టాను.

కిందాయన భార్య తలుపు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వెనక గదిలో కిటికీకి దుప్పటి కట్టి ఉంది. రోజూ సాయంత్రం ఆమె క్యాబ్ ఎక్కుతుంటే చూసేదాన్ని, సాఫ్ట్‌వేర్ అనుకున్నాను. మా దగ్గర క్యాబ్ ఎక్కే ప్రతివాళ్లూ సాఫ్ట్‌వేరే కదా.

"ఏమైందండీ?"

"ఏం కాలె. పైన మోత నాదే. జర మీ ఇంట్ల నిలబడి విందామని వచ్చిన."

"మీదా అండీ? సార్‌దనుకున్నాను." ఆవలింత ఆపుకుంది. "నేను నర్సునండి. నైట్ డ్యూటీ చేసి తొమ్మిదింటికి వస్తాను. కాస్త కన్ను అంటుకునేసరికి మంచం అదురుతుందండి."

"మరి రాత్రి పెట్టొద్దన్నరు గదమ్మా?"

"రాత్రి నేనసలు ఇంట్లో ఉండనండి. ఆయనకి క్రికెట్ చూసేటప్పుడు మోత పడదు. నా నిద్ర సంగతి కూడా చెప్పమన్నాను, ఏం చెప్పారో మరి."

నా ఒళ్లు మండిపోయింది. ఇద్దరు మగవాళ్లు లిఫ్టులో నిలబడి, తెలివిగా సర్దుబాటు చేసి, రాత్రి ఖాళీ మంచం మీద పడే అదురును తీసుకొచ్చి పగలు సరిగ్గా ఈ పిల్ల నిద్ర మీద పెట్టారు. "అందరం ఆఫీసుల్లోనే ఉంటాం" అన్నవాడి ఇంట్లోనే ఒక మనిషి కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకుని ఉంది. ఆమె ఆ "అందరం"లో లేదు. నేనూ లేను.

ఆమెను తన మంచం మీద పడుకోబెట్టాను. మంచం కోడు పట్టుకుని పైకి ఫోన్ చేశాను. ఎక్కడో దూరాన డప్పు మొదలైంది. కోడు కదల్లేదు.

"వినబడుతోందక్కా," అంది కళ్లు మూసుకునే. "కానీ అదరట్లేదు."

"వినబడుడు గూడ వద్దు. నువ్వు లేచినంక నాకో మెసేజ్ పెట్టు. అప్పటిదాక ముట్ట."

ఆదివారం సెల్లార్‌లో కుర్చీలు వేశారు. సెక్రటరీ మా ఆయన వైపు తిరిగి, "చెప్పండి సార్, బాక్స్ తీసేస్తున్నారా?" అన్నాడు. నేను లేచాను.

"బాక్స్ నాది. నన్నడుగుండ్రి."

"మేడం, సార్‌ని మాట్లాడనివ్వండి."

వెనక వరుసలోంచి ఇంకో కుర్చీ కదిలింది. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, గంజి పెట్టిన చీరలో నర్సమ్మాయి నిలబడింది.

"అది అక్కడే ఉంటుందండి. నిద్రపోయేది నేను, మోగించేది అక్క. మేం మాట్లాడుకున్నాం."

"నువ్వు కూర్చో," అన్నాడు ఆమె భర్త, గొంతు తగ్గించి.

ఆమె కూర్చోలేదు. "రాత్రిపూట అక్క పెట్టుకుంటారండి. ఇప్పుడు కింద పీట ఉంది, అదరదు. కాస్త మోత వస్తే మీరు క్రికెట్ వాల్యూమ్ పెంచుకోండి."

ఎవరో నవ్వారు. సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. "ఓకే. సార్లిద్దరూ సర్దుకున్నారు కాబట్టి ఈ ఇష్యూ క్లోజ్."

"ఎవరు?" అన్నాను.

"మేడం?"

"ఎవరు సర్దుకున్నరు? మళ్లొకసారి చెప్పుండ్రి."

సాయం చేయమన్నట్టు అతను మా ఆయన వైపు చూశాడు. మా ఆయన సెల్లార్ కప్పు వైపు చూశాడు. అక్కడ చూడటానికి డ్రైనేజీ పైపులు తప్ప ఏమీ లేవు. ఆ అమ్మాయీ నేనూ నిలబడే ఉన్నాం. చాయ్ కప్పులు వచ్చాయి, ఎవరూ ముట్టుకోలేదు.

"మేడమ్‌లిద్దరూ..." అని మళ్లీ మొదలుపెట్టాడు సెక్రటరీ.

అప్పుడు కూర్చున్నాను.