మా మేడకి పెళ్లిచూపులు

విజయవాడ వన్‌టౌన్‌లో మా తాతగారు కట్టించిన మేడకి ముందు వసారా లేదు. తుఫానుకు కూలిందనో, కృష్ణమ్మ పొంగి తీసుకుపోయిందనో చెప్పుకుంటే మర్యాదగా ఉండేది. నిజం చెబుతాను, నవ్వుకోండి. దాన్ని మింగింది నేనే.

డెబ్బైల నాటి మాట. పొలాలు, గుర్రబ్బండి, తాతగారి పేరు వింటే లేచి నిలబడే జనం, అన్నీ పోగా మాకు మిగిలినవి రెండే: ఆ మేడ, వంగని నా నడుము. అప్పుడు మునిసిపాలిటీవారు పాత బజారును బాగుచేసి రోడ్డు వెడల్పు చేస్తామన్నారు. మా వసారా రోడ్డుకు అడ్డం. అయితే నిజంగా పాతకాలపు కట్టడమని తేలితే దాన్ని ముట్టుకోరట, రోడ్డే పక్కకు తప్పుకుంటుందట. అది తేల్చడానికి వారంలో ఆఫీసరు వస్తాడన్నారు.

పైన పటారం, లోన లొటారం అంటారు. మా మేడది తిరగేసిన సామెత. లోపల టేకు దూలాలు ఏనుగుల్లా ఉండేవి. బయట వసారా స్తంభాల మీది సున్నపు సింహాలకు ముక్కులు లేవు. ఆ ముఖంతో మా వంశం ఒక ఆఫీసరు ఎదుట నిలబడడమా? మేస్త్రీని పిలిపించాను.

నన్ను పెంచిన మేనత్త చూసి, "ఒరే, ఆయన పెళ్లిచూపులకి రావట్లేదురా. వయసు చూడ్డానికొస్తున్నాడు" అంది.

"వయసు చూపించడానికి చిరిగిన పంచె కట్టుకోవాలా అత్తయ్యా?" అన్నాను.

మేస్త్రీ సింహాన్ని వేలితో తట్టి చూశాడు. "గానుగ సున్నం బాబుగారూ. ఇప్పుడు చేద్దామన్నా కుదరదండి. ఉంచేద్దామా?"

"కొట్టెయ్."

రెండు ఉలులు వంగాయి, మూడు రోజులు పట్టింది. కొరివితో తల గోక్కునేవాళ్లుంటారు. నేను కూలీ ఇచ్చి మరీ గోకించుకున్నాను. సింహాల చోట, వసారా గోడల నిండా నున్నటి సిమెంటు, దాని మీద పిస్తా రంగు. మేడ కొత్త పెళ్లికొడుకులా మెరిసిపోయింది.

ఆఫీసరు వచ్చాడు. ముందు మా పక్కనున్న మిరియాల వ్యాపారి కొట్టు దగ్గర గంటసేపు ఆగాడు. పెచ్చులూడిన గోడను గోటితో గీకాడు, వాసన చూశాడు, ఇటుకలు కొలిచి మురిసిపోయాడు. ఆ శిథిలానికే ఇంత సంబరమైతే మాది చూసి మూర్ఛపోతాడని జాలి కలిగింది. ఆయన మమ్మల్ని దాటి నడిచిపోయాడు.

పిలిచాను. "మా మేడ చూడలేదండీ."

"ఇదాండీ? పాతది దీని వెనకాల ఉందేమో అనుకున్నానండి."

"ఇదేనండీ. మా తాతగారు కట్టించింది."

ఆయన గోడను నిమిరాడు. వేలికి పిస్తా రంగు అంటింది. "సిమెంటు ఇంకా ఆరలేదండీ."

"లోపలంతా పాతదేనండీ" అన్నాను. బతిమాలడం నా గొంతుకు అదే మొదలు.

"లోపలిది రోడ్డుకి అడ్డం కాదు కదండీ" అని ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

రోడ్డు మిరియాల కొట్టు దగ్గర వినయంగా వంగింది. మా దగ్గరికి వచ్చేసరికి నాలాగే నిటారుగా నడిచి, వసారాని తొక్కుకుంటూ పోయింది. అంత పాత కట్టడాన్ని ఎలా కాపాడారని ఆ వ్యాపారిని అడిగాను.

"నేనేం కాపాడానండీ, సున్నం వేయించడానికి తీరిక దొరకలేదు" అన్నాడు.

ఆ రోజే సూర్యచంద్రుల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. పాతబడినదేదైనా సరే, నా చేతి మీదుగా ఇక దానికి రంగు పడదు. తెల్లబడ్డ నా తల చూసి మా ఆవిడ రోజూ సణుగుతుంది. సణగనీ. రేపు నా కోసం ఏ ఆఫీసరైనా వస్తే, పాతది వెనకాల ఉందేమోనని వెతుక్కోకూడదు.