సెల్లో మాస్టారి పేగు తీగలు

పేగులు గీకే పని గురించి సెల్లో మాస్టారు చెప్పడం మొదలుపెట్టినప్పుడు నేను ఉప్మా తింటున్నాను. డబ్బా మూత పెట్టేశాను. ఆయన ఆపలేదు.

అది 2006. అబూధాబీలో ఒక సంగీతం స్కూలు రిసెప్షన్‌లో కూర్చునేదాన్ని. ఎమ్మే చదివి పిల్లల హాజరు వేసుకునే ఉద్యోగం. మాస్టారు జర్మనీ ఆయన. తూర్పు వైపు ఒక చిన్న ఊరి ఆర్కెస్ట్రాలో సెల్లో వాయించేవాడట, మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది. రెండు జర్మనీలు ఒకటయ్యాక ఆ ఆర్కెస్ట్రాను మూసేశారు. ఓడల్లో, హోటల్ లాబీల్లో వాయించుకుంటూ వచ్చి ఇక్కడ తేలాడు. సెల్లో నేర్చుకుంటామన్నవాళ్లు లేక పిల్లలకు వయొలిన్ చెప్పేవాడు.

మా ముదీర్‌కి, అంటే స్కూలు మేనేజరుకి, కరపత్రం వేయాలని బుద్ధి పుట్టింది. "మాస్టారి వంశం గురించి ఘనంగా రాయి. మీ ఇండియన్ తల్లులకి వంశం కావాలి," అన్నాడు. ఒళ్లు మండింది, అది నిజం కాబట్టి. మాస్టారిని కూర్చోబెట్టి అడిగాను.

ఆయన తాతముత్తాతలు సంగీతకారులు కారు. వాయిద్యాలకు గొర్రె పేగులతో తీగలు పేనేవాళ్లు. కబేళా నుంచి వేడి చల్లారని పేగులు తొట్లలో వచ్చేవట. గడ్డకట్టే చలిలో వాటిని వాగునీళ్లలో నానబెట్టి, బద్దతో ఆ జిగురంతా గీకడం ఆయన నాయనమ్మ పని. ఎంత తోముకున్నా కంపు పోదని చర్చిలో ఆ కుటుంబాన్ని వెనక బెంచీలో కూర్చోబెట్టేవారట. ముందు బెంచీల వాళ్లు మాత్రం ఆ తీగల మీద పలికిన పాటలు విని కళ్లు తుడుచుకునేవారు. ఆ ఇంట్లో మొట్టమొదట వాయిద్యం పట్టింది ఈయన తండ్రి.

"ఇదంతా రాయనా?" అన్నాను.

"ఎందుకు రాయకూడదు?" అన్నాడు.

రాశాను. ముదీర్ చదవకుండా సంతకం పెట్టాడు.

కరపత్రం ఇళ్లకు చేరిన రెండు వారాల్లో పన్నెండు మంది వయొలిన్ పిల్లలు ఏడుగురయ్యారు. మానేసిన ఐదుగురూ మన తెలుగు పిల్లలే. ఒకావిడ పరీక్షలంది. ఒకావిడ దుమ్ము అలర్జీ అంది. ముదీర్ నా బల్ల దగ్గరకొచ్చి, "ఎనిమిది మంది ఉంటే ఆయన వీసా రెన్యువల్. లేదా, ఖలాస్," అన్నాడు. గడువు ఆ నెలాఖరుకే. యాభై దాటిన మనిషికి ఇంకో చోట ఎవరిస్తారు ఉద్యోగం?

ఒక్క పిల్లాడు తిరిగొస్తే చాలు. ముసఫ్ఫా వర్క్‌షాపులో మావారితో పనిచేసే ఇంజినీరుగారి భార్యకి ఆ సాయంత్రం ఇంటి నుంచి ఫోన్ చేశాను.

"పరీక్షలా, అలర్జీయా? నిజం చెప్పండి."

"అయ్యో వదినగారూ, మీ దగ్గర దాపరికమేంటండీ. మావాడు వయొలిన్ పట్టుకొచ్చిన చేత్తోనే దేవుడి దగ్గర అగరొత్తులు వెలిగిస్తాడు. ఆ కాగితం చదివించుకుని మా అత్తగారు రెండు పూటలు అన్నం ముట్టలేదు. పేగులండీ!"

"మీ పెద్దాడు మృదంగం నేర్చుకుంటున్నాడుగా. దాని మీదున్నదేంటి, అరిటాకా?"

"అది వేరండీ. అది దేవుడి వాయిద్యం."

"అయితే మేకకి దణ్ణం పెట్టి తోలు వలిచారంటారా?"

ఆవిడ నవ్వేసింది. "మీతో మాటల్లో ఎవరు నెగ్గుతారండీ! పోనీ ఆయన్ని స్టీలు తీగలు వేయమనండి, శనివారం నుంచి పంపించేస్తాను. చేతులు కూడా కాస్త శుభ్రంగా కడుక్కోమనండి."

"అలాగే" అని ఫోన్ పెట్టేయాల్సింది. కానీ ఆ చేతులు కడుక్కోమన్న మాట విన్నాక పెట్టలేకపోయాను. ఎప్పుడో నాయనమ్మ చేతులకంటిన కంపు మనవడి చేతుల్లో వెతికే ముక్కులు నాకు కొత్త కాదు. డప్పు కట్టేవాళ్లకి మా ఊళ్లో నీళ్లు ఎంత ఎత్తు నుంచి పోసేవాళ్లో చూస్తూ పెరిగాను. ఉప్మా డబ్బా మూసిన నా చెయ్యి మాత్రం ఆ క్షణంలో గుర్తు రాలేదు.

"ఆయన చేతులు బాగానే ఉన్నాయి. కడుక్కోవాల్సింది మీ నోరు," అన్నాను. అక్కడితో ఆగానా? వాళ్ల అత్తగారి మడినీ, ఆవిడ లెదర్ సోఫానీ కూడా వదల్లేదు. ఫోన్ టక్కున పెట్టేసింది. మావారు పేపరు దించి, "రేపు వర్క్‌షాపులో నేను మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నారు. నేను మాత్రం గెలిచాననే అనుకున్నాను.

మర్నాడు మాస్టారికి అంతా చెప్పాను, కాస్త గర్వంగానే. ఆయన అయోమయంగా చూశాడు.

"పిల్లల వయొలిన్లకి మొదటి నుంచీ స్టీలు తీగలే కదా. పేగు తీగలు నా సెల్లోకి మాత్రమే. దాన్ని వాళ్లెవరూ ముట్టుకోరు."

ఏడాదిన్నరగా ఆ వయొలిన్లను బీరువాలో సర్దుతున్నది నేను. ఒక్కనాడూ తీగల వైపు చూడలేదు.

ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఇంటికే వెళ్లాను. తలుపు సగం తీసింది.

"అవి స్టీలేనటండీ. మొన్న నోరు జారాను, మనసులో పెట్టుకోకండి."

"పర్లేదండీ. మావాడికి కీబోర్డు క్లాసు దొరికింది," అంది. లోపలికి రమ్మనలేదు.

నెలాఖరున వీసా రద్దు కాగితాలు నేనే టైపు చేశాను. కారణం అనే చోట 'విద్యార్థులు చాలలేదు' అని కొట్టాను. మాస్టారు ఆ వరుస మీద వేలు పెట్టి నెమ్మదిగా చదివి, నావైపు చూడకుండా సంతకం పెట్టాడు.