సముద్రపు గుర్రాల కాపరి

అక్వేరియంలో సముద్రపు గుర్రాలను సాకే ఆయనకు మనుషులతో మాట్లాడే ఓపిక తక్కువ. కడుపన్నదే లేని ఆ జీవాలకు తిన్నది నిలవదు కాబట్టి, నడుం పీకుతున్నా గంటగంటకీ వంగి చిట్టిరొయ్యలు వేస్తాడు. మగదాని సంచిలో పిల్లలున్నప్పుడు అద్దం తుడిచే గుడ్డని కూడా మెల్లగా కదుపుతాడు. వాటిని ఎండబెట్టి మందని అమ్మేవాళ్ల మాటెత్తితే చాలు, ఒంటికాలిమీద లేస్తాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి కూతురు ఆయాసంతో రొప్పుతోంది. అత్తగారు గిన్నెలో బూడిదరంగు పొడిని తేనెతో రంగరిస్తోంది. పక్కన పొట్లంలో, నూరగా మిగిలిన తోక ముక్క చుట్టుకుని ఉంది.

"డాక్టరు మందులన్నీ వాడి చూశాం కదా బాబూ, ఇదొక్కటీ చూద్దాం," అందావిడ.

భార్య తలెత్తలేదు. ఆయన గిన్నె అందుకుని తనే పిల్ల నోటికి పెట్టాడు.

"ఏంటి నాన్నా ఇది?"

"మందు తల్లీ."

గిన్నె ఖాళీ అయింది గానీ ఆయాసం అలాగే ఉంది.